ఎసెన్ కాళ్ళ తాడు

సెప్టెంబరు నెల, ఆదివారం మధ్యాహ్నం. పెద్ద సరస్సుకు దక్షిణపు ఒడ్డున ఒక కిర్గిజ్ ఊరు. ముందు వాకిట్లో విందు జరుగుతోంది. ఇంటి వెనక గడ్డికొట్టంలో ఎసెన్, అతని అక్క బురుల్.

"విప్పక్కా."

"విప్పను. విప్పితే పారిపోతావు."

"పారిపోను."

"పొద్దున కూడా ఇదే మాట అన్నావు. ఎక్కడ దొరికావు?"

"బస్టాపులో."

"సంచీ పట్టుకుని."

"రొట్టెలు తెద్దామని."

"వసారా నిండా రొట్టెలు కాల్చి పేర్చుకుని కూచుంటే, నువ్వు రొట్టెల కోసం కారకోల్ వెళ్తున్నావు. కాలు కదపకు, ముడి జారుతోంది."

"అక్కా, నాకు నలభై దాటాయి. తొంభై కిలోలున్నాను. ఏడాది పిల్లలకి చేసే వేడుక నాకు చేస్తే నలుగురూ నవ్వరా?"

"తాగినన్నాళ్ళూ నవ్వారు. అప్పుడు సిగ్గెయ్యలేదు నీకు."

"అప్పుడు గుర్తుండేది కాదు."

"ఏడాది పిల్లలకి ఎందుకు చేస్తార్రా? నడక వచ్చిందని. కాళ్ళకి తాడు కడతారు, పిల్లలంతా పందెం పరిగెత్తుతారు, ముందొచ్చినవాళ్ళు తాడు కోసి చెయ్యి పట్టుకుని నడిపిస్తారు. నీకు మాత్రం నడక ఎప్పుడొచ్చింది? నిరుడు ఈపాటికి గోడ పట్టుకునే కదా నడుస్తున్నావు."

"అందుకని తాడా?"

"అమ్మ నీకు ఈ వేడుక చెయ్యలేదు. నువ్వు నడక మొదలెట్టింది కొండ మీద, మంద మేపుకోడానికి వెళ్ళినప్పుడు. పందెం పరిగెత్తడానికి అక్కడ గొర్రెలు తప్ప ఎవరున్నారు? కిందికి దిగాక చేద్దామనుకున్నారు. దిగాక మర్చిపోయారు. అందుకే నువ్విలా తయారయ్యావు."

"డాక్టరు వేరేగా చెప్పాడు."

"డాక్టరుకి మన సంగతులేం తెలుసు. ఆయనది బిష్కెక్."

"మా తాగుడు మానేసినవాళ్ళ మీటింగులో ఇంత గొడవ లేదక్కా. నిన్ననే చేశారు. ఏడాదైందని లేచి నిలబడ్డాను, అందరూ చప్పట్లు కొట్టారు, ఒక బిళ్ళ ఇచ్చారు. కూచున్నాను."

"చూశాను ఆ బిళ్ళ. ప్లాస్టిక్."

"అయితే?"

"ఏమీ లేదు. తినడానికేం పెట్టారు?"

"టీ. బిస్కెట్లు."

"మాంసం లేదు."

"అది కారకోల్ లైబ్రరీలో ఒక గది అక్కా."

"మన ఇంట్లో ఒక మనిషి చావు దాకా వెళ్ళి వెనక్కొస్తే, బిస్కెట్టుతో సరిపెట్టారు. అందుకే గొర్రెని కోశాను."

"అక్కడ ఏ రోజుది ఆ రోజు చూసుకోమంటారు. ఇవాళ ముట్టుకోలేదు, చాలు. రేపటి సంగతి రేపు."

"అలాగైతే రోజుకో గొర్రెని కొయ్యాలి. అంత మంద మనకెక్కడుంది?"

"ఇంకోటి కూడా ఉందక్కా. అక్కడికొచ్చేవాళ్ళ పేర్లు బయటపెట్టకూడదు. అది నియమం."

"చెప్పావుగా. అందుకే బ్యానర్ మీద ఇంటిపేరు రాయించలేదు."

"ఫొటో వేయించావు."

"ఫొటో లేకపోతే ఏ ఎసెనో ఎలా తెలుస్తుంది? ఊళ్ళో ముగ్గురున్నారు."

"అది మన సుల్తాన్ పెళ్ళిలో తీసిన ఫొటో. దాంట్లో నా చేతిలో గ్లాసుండాలి."

"తీసేయించాను. ఫొటోలవాడు శుభ్రంగా చెరిపేశాడు."

"మరి చెయ్యి?"

"చెయ్యి అలాగే ఉంది. గాలిని పట్టుకున్నట్టుంది. ఎవరూ అడగలేదు."

"పేర్లు బయటికి రాకూడదనే నియమాన్ని బాగానే పాటించావు."

"మీవాళ్ళని కూడా పిలిచాను."

"మావాళ్ళంటే?"

"మీటింగువాళ్ళని. పోయిన వారం, నువ్వు వెళ్ళని రోజు చూసి, లైబ్రరీకి వెళ్ళి తలుపు కొట్టాను. ఇక్కడ తాగుబోతులు ఎవరెవరు, ఆదివారం మా ఇంటికి భోజనానికి రండి అన్నాను. అందరూ నేల చూశారు."

"నా పరువు."

"ముగ్గురొచ్చారు. వాళ్ళకి వేరే బల్ల వేశాను, దాని మీద అట్ట పెట్టాను. ముందు తాగుబోతులు అని రాయించాను, బాగోదన్నారు. ఇప్పుడు ఎసెన్ స్నేహితులు అనుంది."

"లియోన్యా వచ్చాడా?"

"ఎర్ర మొహం, తెల్ల మీసాలు, ఆయనేనా? గొర్రె తల ఆయనకే పెట్టాను."

"గొర్రె తల అందరికన్నా పెద్దవాళ్ళకి పెట్టాలి కదా. మన పెదనాన్న ఉండగా ఆయనకెలా పెట్టావు?"

"ఆయన మానేసి పదకొండేళ్ళయిందట. నా లెక్కన ఆయనే పెద్ద. పెదనాన్నకి కోపమొచ్చింది, కాలు ముక్క ఇచ్చాను, తగ్గింది."

"అక్కా."

"చెప్పు."

"మీరిమ్ వచ్చిందా?"

"ఈ తాడులో నల్ల ఉన్ని మనదే. తెల్లది మాత్రం పక్కింటి మేకది. రెండూ కలిపి నేనే పేనాను."

"నా కూతురు వచ్చిందా అని అడుగుతున్నాను."

"బలిక్చీ నుంచి రావడమంటే మాటలా. వాన్ దొరకాలి, నిండాలి, బయల్దేరాలి."

"నువ్వెళ్ళి పిలిచినప్పుడు వాళ్ళమ్మ జిపార్ ఏమంది?"

"టీ ఇచ్చింది."

"ఏమంది?"

"చూద్దాం వదినా అంది."

"ఎలా అంది? కోపంగానా?"

"టీ పోస్తూ అంది. మొహం కనపడలేదు."

"కప్పు నిండా పోసిందా?"

"సగం."

"సగమేనా?"

"నాకూ ఆ మాత్రం తెలుసురా. నిండా పోస్తే తాగి దయచెయ్యమని, సగం పోస్తే ఇంకాసేపు కూచోమని. సగమే పోసింది. అయిపోగానే మళ్ళీ సగం పోసింది. అలా మూడుసార్లు."

"మూడుసార్లా?"

"నేనే ఇక చాలన్నాను. వాన్‌కి టైమైపోతోందని."

"ఎందుకు చాలన్నావక్కా?"

"అదిగో, ఎవరో వస్తున్నారు. మొహం తుడుచుకో."

"అమ్మాయ్ బురుల్, ఇక్కడున్నావా. ఊరంతా వెతుకుతున్నాను."

"రా ఒరోజ్ బాబాయ్. మైకు మళ్ళీ ఆగిపోయిందా?"

"మైకు బానే ఉంది. నేనే ఆగిపోతున్నాను. పాతికేళ్ళ నుంచి ఈ చుట్టుపక్కల ఏ విందైనా నడిపించేది నేనే కదా. గ్లాసు లేకుండా మాట ఎక్కడ ఆపాలో నాకు తెలియడం లేదు. ఎసెన్ ఆరోగ్యం కోసం అంటాను. జనం నావంక చూస్తారు. నేను జనం వంక చూస్తాను. ఎవరి చేతిలోనూ ఏమీ ఉండదు."

"పళ్ళరసం పెట్టాను కదా."

"పళ్ళరసం ఎత్తి ఒక మనిషిని పొగడటం నాకు రాదమ్మాయ్. అబద్ధమని మొహమ్మీదే తెలిసిపోతుంది. పోనీ గుర్రప్పాలన్నా పెట్టావా? అవీ తీసేయించావు."

"అవి పులిసి మత్తెక్కిస్తాయి."

"పులియకపోతే ఎవరు తాగుతారు? సరే, అది వదిలెయ్. అసలు ఇది ఏ విందో చెప్పు. నా దగ్గర పెళ్ళి మాటలున్నాయి, సున్తీ మాటలున్నాయి, కొత్తిల్లు కట్టినవి ఉన్నాయి, అరవయ్యేళ్ళు నిండినవి ఉన్నాయి. మానేసినవి లేవు. ఇప్పటిదాకా ఎవరూ మానలేదు మరి."

"ఇంతసేపూ ఏం చెప్పావు?"

"సున్తీవి చెప్పాను."

"నా విందులోనా బాబాయ్?"

"నువ్వు ఊరుకో అబ్బాయ్. బాగానే సరిపోయాయి. నొప్పి ఓర్చుకున్నాడు, ఏడవలేదు, ఇవాళ్టితో మగాడయ్యాడు అన్నాను. మీ పెదనాన్న కళ్ళు తుడుచుకున్నాడు."

"బాబాయ్, ఎసెన్ వైపు తిరిగి మాట్లాడకు. అటు తిరుగు."

"ఎందుకు?"

"వాసనొస్తోంది."

"ఒక్క గుక్క అమ్మాయ్. గొంతు కోసం. మన ముసలి సత్తార్ కారు చూసొచ్చాను."

"ఆ కారు నడవదు కదా."

"నడవదు. మగాళ్ళంతా విడతలు విడతలుగా వెళ్ళి చూస్తున్నారు. డిక్కీ ఎత్తి చూపిస్తున్నాడు."

"హెడ్మాస్టరు కూడానా?"

"ఆయన రెండుసార్లు చూశాడు. కొనేట్టున్నాడు."

"ఏ రకం బాబాయ్?"

"ఎసెన్."

"ఊరికే అడిగానక్కా."

"ఊరికే కూడా అడక్కు."

"నేను చెప్పనులే అబ్బాయ్. అయినా మంచి రకం కాదు. అమ్మాయ్, నేనొచ్చింది దీనికి కాదు. పందెం మొదలెట్టాలి. పిల్లలు గీత దగ్గర నిలబడి అరగంటైంది. అందరికన్నా ముందు సత్తార్ మనవడు నిలబడ్డాడు."

"వాడు ఇంకా పరిగెత్తేట్టే ఉన్నాడా? వాడికి రెండు గిన్నెల పులుసూ ఇంత మాంసమూ పెట్టాను, కదల్లేకుండా ఉండాలని."

"తినేశాడు. ఇంకోటి అడిగాడు. గాలిలా పరిగెత్తుతాడు వాడు."

"వాడు గెలిస్తే ఏమవుతుందో తెలుసా బాబాయ్? తాడు ఎవరు కోస్తే వాళ్ళ నడకే వస్తుంది. సత్తార్ ఇంటి నడక తమ్ముడికొస్తే నా గొర్రె పోయే, వీడి ఏడాదీ పోయే."

"వాడికి ఎనిమిదేళ్ళే కదమ్మాయ్."

"వాళ్ళ తాతకి మాత్రం ఒకప్పుడు ఎనిమిదేళ్ళు లేవా?"

"అదీ నిజమే. పోనీ పెద్దవాళ్ళ చేత కోయిద్దాం. తాగని మనిషిని చూడు."

"ముల్లాగారు."

"ఆయనకి మోకాళ్ళు పనిచెయ్యవు. ఆ నడక వస్తే అబ్బాయి ఎసెన్ రేపట్నుంచి కర్ర పట్టుకోవాలి. కాదిర్ ఉన్నాడు. వాడు పుట్టాక చుక్క ముట్టలేదు."

"కాదిర్ పుట్టాక ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు కూడా. వాడి నడక వస్తే వీడు తాగడు, నిజమే. మాట్లాడడు, నవ్వడు, ఎవరింటికీ పోడు. తాగినప్పుడే నయం అనిపిస్తుంది నాకు."

"ఆ రష్యా ఆయన?"

"లియోన్యానా? అడిగాను. ఎవరి నడక వాళ్ళే నడవాలమ్మా అన్నాడు. గొర్రె తల తిని, పైగా సలహా ఇచ్చాడు."

"మరెవరు కోస్తారు?"

"మీరిమ్ వస్తే మీరిమ్ కోస్తుంది బాబాయ్. రాకపోతే ఎవరూ కొయ్యక్కర్లేదు. నేను ఈ గడ్డిలోనే కూచుంటాను."

"జనానికి ఏం చెప్పను అమ్మాయ్?"

"కొత్తిల్లు మాటలు చెప్పు. పునాది గట్టిదను, పైకప్పు గట్టిదను. వెళ్ళు బాబాయ్, నేనొచ్చి పిలుస్తాను. ఆ కారు వైపు వెళ్ళకు."

"అటువైపే కదమ్మాయ్ దారి."

"చుట్టు తిరిగి వెళ్ళు."

"వెళ్ళాడా అక్కా?"

"వెళ్ళాడు. కారు వైపే వెళ్ళాడు."

"అక్కా, నీకో మాట చెప్తాను. తిట్టకు."

"చెప్పాక చూస్తాను."

"పొద్దున నేను రొట్టెల కోసం వెళ్ళలేదు."

"తెలుసు."

"ఈ ఏడాదంతా నాకేం కష్టం కాలేదు. నిజం. పొద్దున లేచేవాణ్ణి, గొర్రెలకి నీళ్ళు పెట్టేవాణ్ణి, శనివారం మీటింగుకి వెళ్ళేవాణ్ణి. దేనికీ ఆశపడలేదు, అందుకని బానే గడిచింది. నువ్వు బలిక్చీ వెళ్ళొస్తానని చెప్పినప్పట్నుంచీ నిద్ర లేదు. పొద్దుట్నుంచీ నోరెండిపోతోంది. ఎన్ని నీళ్ళు తాగినా పోవట్లేదు. అందుకే కారకోల్ వెళ్ళి ఆ గదిలో కూచుందామనుకున్నాను."

"ఇవాళ ఆదివారం. లైబ్రరీ మూసుంటుంది."

"మెట్లున్నాయి కదా."

"ఒక్కడివే మెట్ల మీద కూచునేవాడివా?"

"కూచుందామనే అనుకున్నాను. బస్సు రాకముందే నువ్వొచ్చావు."

"పిల్ల రాకపోతే ఏం చేస్తావురా?"

"తెలీదక్కా."

"సత్తార్ కారు చూడ్డానికి వెళ్తావా?"

"తెలీదంటున్నానుగా. తెలిస్తే ఈ తాడు కట్టనిస్తానా? నేను తొంభై కిలోలున్నాను, నువ్వు యాభై ఉన్నావు. నన్ను పట్టుకుని కట్టగలవా నువ్వు?"

"అదా సంగతి. నా చేతిలో బలముందనుకున్నాను."

"ఉంది. కానీ అంత లేదు."

"కొంచెం నీళ్ళు తాగు. ఇలా తిరుగు, వీపు రాస్తాను. చిన్నప్పుడు ఇలా రాస్తే నిద్రపోయేవాడివి."

"దానికి నా మీద కోపం పోయుండదక్కా."

"ఎందుకు పోతుంది? ఆ పూల సంగతి మర్చిపోయే పిల్ల కాదది."

"పూలు తెచ్చాను కదా."

"పిల్ల మొదటిసారి బళ్ళోకి వెళ్ళే సోమవారం నాడు టీచరుకి ఇవ్వాలని, ముందు రోజు సాయంత్రం పూల కోసం వెళ్ళావు. తెల్లారి లేచి పిల్ల తెల్ల రిబ్బన్లు కట్టుకుని గుమ్మంలో కూచుంది. గంట కొట్టేశారు, మిగతా పిల్లలంతా వెళ్ళిపోయారు, అది లేవలేదు. నువ్వొచ్చింది గురువారం."

"పూలతోనే వచ్చాను."

"కాడలొచ్చాయి. పూలు దార్లో రాలిపోయాయి."

"ఆ కాడలు నీళ్ళలో పెట్టిందక్కా. ఏమీ అనలేదు. జిపార్ తిట్టింది, అమ్మ తిట్టింది, నువ్వు చీపురు తీశావు. అదొక్కటే ఏమీ అనలేదు. నన్ను నిజంగా తన్నింది అదే."

"ఏడుస్తున్నావా?"

"గడ్డి దుమ్ము."

"ఏడువు. ఎవరూ చూడట్లేదు. ఒరేయ్, నేనూ ఒక మాట చెప్తాను. నువ్వూ తిట్టకు."

"ఏంటి?"

"వాన్ ఎప్పుడో వచ్చింది."

"ఏ వాన్?"

"బలిక్చీ వాన్. ఇద్దరూ దిగారు. గేటు బయట నిలబడ్డారు. లోపలికి రమ్మన్నాను, జిపార్ ఇక్కడే బాగుంది వదినా అంది. కుర్చీ వేశాను, కూచోలేదు. టీ పంపాను, తాగింది."

"ఇంతసేపూ నాకెందుకు చెప్పలేదు?"

"గేటు దాకా వచ్చినవాళ్ళు అటునుంచి అటే వెళ్ళిపోతే? రాలేదంటే రాలేదనుకుంటావు. వచ్చి వెళ్ళిపోయారంటే నిన్ను ఈ తాడు కూడా ఆపదు."

"పిల్ల ఎలా ఉంది?"

"మన అమ్మలా ఉంది. మాట తక్కువ."

"నన్ను అడిగిందా?"

"నిన్ను అడగలేదు. తాడు ఎంత లావుందని అడిగింది."

"అమ్మాయ్ బురుల్, నా వల్ల కాదమ్మా. ఈ పిల్ల గీత దగ్గర నిలబడదట. పరిగెత్తదట. నేరుగా ఇటే వస్తానంది. పందెం లేకుండా తాడు కొయ్యకూడదు పాపా, ఆచారం కాదు అని చెప్పాను. విని, నా పక్కనుంచి వచ్చేసింది."

"ఏ పిల్ల బాబాయ్? ఎదురు వెలుగులో మొహం కనపడట్లేదు."

"నేను మీరిమ్‌ని అత్తా."

"రా తల్లీ, లోపలికి రా. గడ్డి గుచ్చుకుంటుంది, చూసుకుని రా. ఇదిగో మీ నాన్న."

"తెలుసు."

"పొడుగయ్యావు మీరిమ్."

"నువ్వు లావయ్యావు."

"స్వీట్లు తింటున్నాను. అది మానేస్తే ఇలా తీపి మీదికి మనసు పోతుందట."

"పళ్ళు పాడవుతాయి."

"తోముకుంటున్నాను. అమ్మేది?"

"గేటు దగ్గరుంది. ఎవరో తాత కారు చూపిస్తా రమ్మన్నాడు. మాకు వద్దంది."

"మంచి పని చేసింది."

"ఇదేనా తాడు?"

"ఇదే."

"ఎవరు కట్టారు?"

"మీ అత్త."

"నిన్ను అడిగే కట్టిందా?"

"అడగలేదు. నేనే కట్టనిచ్చాను."

"నొప్పెడుతోందా?"

"లేదు."

"లాగి చూడనా?"

"చూడు."

"గట్టిగానే ఉంది."

"మేక ఉన్ని కలిపానమ్మా, అంత తేలిగ్గా తెగదు. ఇదిగో కత్తి, పదునుగా ఉంది, జాగ్రత్త. మేమిద్దరం మీ నాన్నని వాకిట్లోకి పట్టుకొస్తాం. అందరూ చూస్తుండగా నువ్వు ఇలా మధ్యలో కొయ్యాలి. కోసి, చెయ్యి పట్టుకుని నడిపించాలి. అంతే."

"నేను మైకు దగ్గరికి పోనా అమ్మాయ్? ఏ మాటలు చెప్పను?"

"ఏమీ చెప్పకు బాబాయ్. చప్పట్లు కొట్టించు చాలు."

"అత్తా, ఇది కోసేస్తే ఏమవుతుంది?"

"చక్కగా నడుస్తాడమ్మా. ఎక్కడికి కావాలంటే అక్కడికి వెళ్తాడు, ఎవరూ ఆపక్కర్లేదు. దానికే ఈ వేడుక."

"మా తాతయ్య గుర్రానికి కూడా ఇలాగే కడతాడు. ముందు కాళ్ళకి. రాత్రిపూట."

"దాని సంగతి వేరు తల్లీ."

"తెలుసు. కడితే రాత్రంతా అక్కడక్కడే మేస్తుంది. పొద్దున లేచి చూస్తే ఇంటి ముందే ఉంటుంది."

"మీరిమ్."

"ఊఁ."

"కత్తి తీసుకో అమ్మా. జనమంతా ఎదురుచూస్తున్నారు."

"ఇవాళ కొయ్యను అత్తా. అమ్మ ఈ రాత్రికి ఇక్కడే ఉందామంది. పొద్దున లేచాక కోస్తాను."